ఇష్టాలకూ దారి కావాలి

ఏడాది చివర్లోనో, ఆరు నెలలకోసారో జనం తమ ఇష్టాల లెక్క తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఈ మధ్య నచ్చిన సినిమా, రాత్రంతా మేలుకుని చూసిన సిరీస్, తిరిగొచ్చిన ఊరు, కొత్తగా పట్టుకున్న ఆట. హైదరాబాద్‌లోని కొండాపూర్ లాంటి చోట, హైటెక్ సిటీ ఉద్యోగాల చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో, ఈ జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనుషులు వేరు, సొంతూళ్ళు వేరు, జాబితా మాత్రం దాదాపు ఒకటే. శరత్ సిటీ మాల్‌లో సినిమా, కొత్తగా తెరిచిన కేఫ్, గంటల లెక్కన అద్దెకు తీసుకున్న టర్ఫ్ మీద బాక్స్ క్రికెట్ లేదా పికిల్‌బాల్, ఫోన్లో సిరీస్, మూడు రోజుల సెలవు కలిసొస్తే గోవానో కూర్గో. వీటిలో తప్పేమీ లేదు. కానీ గుంటూరు నుంచి వచ్చినవాడికీ కరీంనగర్ నుంచి వచ్చినామెకీ ఇష్టాలు ఇలా అచ్చుగుద్దినట్టు ఉన్నాయంటే అవి వాళ్ళ మనసులో పుట్టినవా, ఊరు ముందు పెట్టిన మెనూలోంచి ఏరుకున్నవా అని అడగక తప్పదు. ఎవరి ఇష్టం వాళ్ళ సొంత వ్యవహారమని మనం అనుకుంటాం. నాకు అలా అనిపించదు. ఇంటి నుంచి పావుగంట నడకలో ఏముంది, దానికి ఎంత ఖర్చవుతుంది, అది ఎప్పుడు తెరిచి ఉంటుంది అన్నవే మన ఇష్టాల్లో సగానికి పైగా తేల్చేస్తాయి. కాబట్టి అవి కార్పొరేషన్ పట్టించుకోవాల్సిన విషయం కూడా.

ఒక్కసారి చేసినంత మాత్రాన ఏ పనీ ఇష్టమైపోదు. సినిమా మీద ఇష్టం కుదరాలంటే బాగాలేనివి కూడా కొన్ని చూడాలి. నడక అలవాటవ్వాలంటే బద్ధకించిన రోజున కూడా చెప్పులేసుకుని బయటపడటం తేలిక కావాలి. పుస్తకమైనా, పాటైనా, ఆటైనా అంతే, నెలల తరబడి దాని దగ్గరికి మళ్ళీ మళ్ళీ పోతే తప్ప మనసుకు పట్టదు. అలా పోవాలంటే అది దగ్గర్లో ఉండాలి, జేబుకు భారం కాకూడదు, మనకు తీరిక దొరికే వేళకు తలుపు తెరిచి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా వ్యవహారం ఫొటో దాకా వచ్చి ఆగిపోతుంది. సినిమానే తీసుకోండి. 2021 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 120వ నంబరు జీవో మల్టీప్లెక్సుల్లో మామూలు సీటుకు గరిష్ఠ ధర 250 రూపాయలని ఖరారు చేసింది. 18 శాతం జీఎస్టీ కలిపితే 295. పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులతో అది ఇంకా పైకి పోతూ ఉంటుంది. నలుగురున్న ఇంటికి 1,180 రూపాయలు, పాప్‌కార్న్ జోలికి పోకుండానే. మంచి జీతమొచ్చే ఇల్లు కూడా ఈ లెక్క చూసుకుని సినిమాను నెలకో రెండు నెలలకో జరుపుకునే పండగ చేసుకుంటుంది. పండగలా చూసేవాళ్ళు కొత్తదాన్ని నమ్మి డబ్బు పెట్టరు, బాగుందని పదిమంది చెప్పిన సినిమాకే పోతారు. పేరు లేని దర్శకుడు, చిన్న సినిమా అక్కడే రాలిపోతారు. జాబితాలు ఒకేలా ఉండటానికి అభిరుచి లేకపోవడం కారణం కాదు. పొరపాటున నచ్చని దానికి పోయే స్వేచ్ఛ ఖరీదైపోవడమే అసలు కారణం.

ఇంతా చేసి కొండాపూర్‌కు స్థలం కొరత ఉందా అంటే, లేదు. కొత్తగూడ రిజర్వు ఫారెస్టులో కోట్ల విజయభాస్కరరెడ్డి పేరిట ఉన్న బొటానికల్ గార్డెన్ 270 ఎకరాలకు పైమాటే. దానికి దగ్గర్లోనే పాలపిట్ట సైక్లింగ్ పార్క్ ఉంది. మాదాపూర్ వైపు తిరిగితే 65 ఎకరాల శిల్పారామం, మూడు దశాబ్దాలుగా చేనేత, చేతివృత్తుల వాళ్ళ సంత. అక్కడి ఆంఫీ థియేటర్‌లో వారాంతపు సాయంత్రాల్లో కూచిపూడి, భరతనాట్యం ఆడుతుంటారు. గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కాలం నాటి బాలయోగి స్టేడియం ఉంది. ఇన్ని ఉండి కూడా ఇవి జనం ఇష్టాల జాబితాలోకి ఎందుకు రావడం లేదన్నదే ప్రశ్న. జవాబు రోడ్డు మీద దొరుకుతుంది. 2023 జనవరి 1న సుమారు 263 కోట్లతో కొత్తగూడ ఫ్లైఓవర్ వచ్చింది. 2025 జూన్ 28న ఔటర్ రింగ్ రోడ్డు వైపు నుంచి కొండాపూర్‌కు దాదాపు 182 కోట్లతో పీజేఆర్ ఫ్లైఓవర్ వచ్చింది. రెండూ అవసరమే. సిగ్నళ్ళ దగ్గర నలిగిన వాళ్ళెవరూ కాదనరు. కానీ ఆ 445 కోట్ల వంతెనల కింద బొటానికల్ గార్డెన్ గేటు దాకా చిన్నపిల్లను చేయి పట్టుకుని నడిపించుకుపోవడం ఎంత సేపటి పనో, ఎంత భయమో అటు నడిచేవాళ్ళను అడిగితే చెబుతారు. ఫుట్‌పాత్ కాసేపు ఉంటుంది, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఆ తర్వాత పార్క్ చేసిన బైకులుంటాయి, చివరికి నడిచేవాళ్ళు రోడ్డు మీదికే దిగుతారు. దాంతో కిలోమీటరు దూరంలోని తోటకు కూడా కారు తీస్తారు. కారు తీశాక తోట ఒక్కటే ఎందుకు, ఎటైనా పోవచ్చు. అప్పుడు మాల్ గెలుస్తుంది, దానికి పార్కింగ్ ఉంది కనక.

సైకిల్ సంగతి ఇంకా విచిత్రం. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. పైన సోలార్ పలకల నీడ. దేశంలో ఏ నగరమైనా గొప్పగా చెప్పుకోదగిన పనే. కానీ కొండాపూర్ నుంచి నానక్‌రాంగూడ దగ్గరున్న ట్రాక్ చివరి దాకా సాయంత్రపు ట్రాఫిక్‌లో సైకిలు తొక్కుకుంటూ పోయే గుండె ఎందరికుంది? అందుకని సైకిలును కారుకు కట్టుకుని పోయి, ట్రాక్ మీద తొక్కి, మళ్ళీ కట్టుకుని వస్తారు. కారున్నవాళ్ళకే సైకిల్ సరదా అన్న ఈ ఏర్పాటును ఎవరూ కావాలని చేయలేదు. ట్రాక్ కట్టారు, ట్రాక్ దాకా దారి మరిచారు.

జనానికే ఆసక్తి లేదంటారా? అలా అనేవాళ్ళు ఈ నగరంలో గత కొన్నేళ్ళలో జరిగినవి గుర్తు చేసుకోవాలి. 2020 సెప్టెంబర్ 25న దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తెరిచారు. తొలినాళ్ళలో వారాంతాల్లో దాని మీద వాహనాలు ఆపేసి మనుషులను నడవనిచ్చారు. కరోనా భయం ఇంకా తగ్గని రోజులవి. అయినా కుటుంబాలకు కుటుంబాలు వచ్చాయి. అక్కడ కొనుక్కోవడానికి ఏమీ లేదు, గాలి, దీపాలు, చెరువు, తోటి జనం. తర్వాత వారాంతాల్లో కూడా వంతెన బండ్లదైపోయింది. 2021 ఆగస్టు చివర్లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి సండే ఫన్‌డే మొదలుపెట్టారు. అక్టోబర్‌లో అదే పద్ధతిని చార్మినార్ దగ్గరికి తీసుకెళ్ళారు. రెండుచోట్లా ముసలివాళ్ళు, పిల్లలు, కొత్తగా పెళ్ళయిన జంటలు రోడ్డు నిండా కనిపించారు. వీటికి కొత్త నిర్మాణమేదీ అక్కర్లేకపోయింది, కొన్ని బారికేడ్లు, కొందరు పోలీసులు సరిపోయారు. వాటిని కొనసాగించకపోవడానికి ప్రభుత్వ పెద్దలకు వాళ్ళ కారణాలు వాళ్ళకుండొచ్చు, జనం రాకపోవడం మాత్రం వాటిలో ఒకటి కాదు.

ఐటీ కారిడార్లో కూడా చెక్కుచెదరని ఇష్టం ఒకటుంది, దాన్ని గమనిస్తే ఈ వాదన ఇంకా తేటపడుతుంది. బతుకమ్మ. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చున్న ఆడవాళ్ళు తొమ్మిది సాయంత్రాలు వరసగా అపార్ట్‌మెంట్ ముందరి ఖాళీ జాగాలో చేరి ఆడతారు. తెలంగాణ వాళ్ళే కాదు, పక్క ఫ్లాట్‌లోని తమిళామె, బెంగాలీ అమ్మాయి కూడా రెండో రోజుకల్లా అడుగు కలుపుతారు. సంప్రదాయ బలం అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు, కానీ అదే సంప్రదాయంలోని ఎన్నో ఆటలు, పాటలు ఈ కారిడార్ దాకా రాలేదు. బతుకమ్మ ఎందుకొచ్చింది? ఇంటి గుమ్మం దగ్గరే జరుగుతుంది. టికెట్ లేదు, తంగేడు, గునుగు, బంతి పూలకయ్యే ఖర్చే. ఆఫీసు అయ్యాక చీకటి పడే వేళకే మొదలవుతుంది. దీపాలుంటాయి, పదిమంది ఉంటారు, ఒంటరిగా ఇల్లు చేరాలన్న భయం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, తొమ్మిది రోజులు. మొదటి రోజు సిగ్గుతో పక్కన నిలబడి చూసినామెకు మరునాడు మళ్ళీ అవకాశం ఉంటుంది. ఇన్ని కలిసొచ్చాయి కాబట్టే అది నిలిచింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఎవరికేది నచ్చాలో ప్రభుత్వం నిర్ణయించాలా, పార్కుకు పొమ్మని, పుస్తకం చదవమని ఉద్యోగస్తుడికి పాఠం చెప్పే పెద్దమనిషితనం ఏమిటి అని. న్యాయమైన ప్రశ్నే. అయితే ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే. ప్రభుత్వం మౌనంగా ఉన్నచోట నిర్ణయం అద్దెలది, టికెట్లది, ఫోన్‌లోని యాప్‌లది అవుతుంది. చదవడమన్న అలవాటు తెలుగునాట ఎలా పుట్టిందో చూడండి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు తెలుగు పాఠకులు క్యూ కట్టి ఎదురుచూడలేదు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్ళు ముందు గది చూశారు, బల్లలు వేశారు, పత్రికలు తెప్పించారు. చదువరులు తర్వాత తయారయ్యారు. ఫలానా పుస్తకం ఇష్టపడమని వాళ్ళు ఎవరినీ నిర్బంధించలేదు, ఇష్టపడే వీలు కల్పించారు, అంతే. ఆ వీలు కోసం మనం ఇప్పటికీ డబ్బు కడుతూనే ఉన్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. కొండాపూర్‌లో ఫ్లాటున్న ప్రతివాళ్ళూ కడతారు. తమకు దగ్గరి శాఖా గ్రంథాలయం ఏ వీధిలో ఉందో చెప్పగలిగినవాళ్ళు మాత్రం అరుదు. గ్రంథాలయం జాడ తెలియని పేటలో సాయంత్రాలు ఓటీటీకి పోతే తప్పు ఓటీటీది కాదు.

దీనికన్నా గట్టి ఆక్షేపణ గేటెడ్ కమ్యూనిటీల నుంచి వస్తుంది. మాకు క్లబ్ హౌస్ ఉంది, వాకింగ్ ట్రాక్ ఉంది, స్విమ్మింగ్ పూల్ ఉంది, పిల్లలకు ఆటస్థలం ఉంది, ఇవన్నీ నెలనెలా మెయింటెనెన్స్ కట్టి సంపాదించుకున్నవి, ఊరి ఫుట్‌పాత్‌తో మాకేం పని అంటారు. నిజమే, ఆ ట్రాక్ మీద రోజూ నడిచే పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగుపడింది, పిల్లలు స్నేహితులను చేసుకున్నారు. దగ్గర, చవక, తెరిచి ఉన్న వేళ అన్న మూడు షరతులూ అక్కడ తీరాయి కనకే ఆ ఇష్టాలు అక్కడ పెరిగాయి. అంటే ఈ ఆక్షేపణ నా వాదనను కొట్టేయడం లేదు, గోడ లోపల రుజువు చేసి చూపిస్తోంది. చిక్కు మరోచోట ఉంది. ఊళ్ళో గట్టిగా అడగగలిగినవాళ్ళు, ఇంగ్లిష్‌లో ఫిర్యాదు రాయగలిగినవాళ్ళు, కార్పొరేటర్‌కు ఫోన్ చేయగలిగినవాళ్ళు గోడ లోపల తమ అవసరం తీర్చుకున్నాక బయటి దారి గురించి అడిగే గొంతే లేకుండా పోయింది. గోడకు అవతల అద్దె గదుల్లో, హాస్టళ్ళలో, పీజీల్లో ఉండే వేలమంది కుర్రకారుకు క్లబ్ హౌస్ లేదు. ఈ కారిడార్‌ను నడిపేది ఎక్కువగా వాళ్ళే.

మాల్‌ను తిట్టడం కొందరికి సరదా. నాకా ఉద్దేశం లేదు. ఏప్రిల్ ఎండలో, జూలై వానలో కొండాపూర్‌లో ఒక ఆడమనిషి గంటసేపు ఎవరూ అడగకుండా కూర్చోగల చోటు, శుభ్రమైన టాయిలెట్ ఉన్న చోటు, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురున్న చోటు దాదాపుగా మాల్ ఒక్కటే. ఆమె అక్కడికి పోవడం వినియోగ వ్యామోహం కాదు, లెక్క తెలిసిన నిర్ణయం. కేంద్ర గణాంక శాఖ 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఆరేళ్ళు నిండినవాళ్ళు వినోదం, సంస్కృతి, మీడియా, ఆటలు అన్నీ కలిపి రోజుకు సగటున 171 నిమిషాలు గడుపుతున్నారు. మగవాళ్ళు 177, ఆడవాళ్ళు 164. తేడా పెద్దదిగా కనిపించదు. కానీ అదే సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళకు ఆ పని రోజుకు 289 నిమిషాలైతే, మగవాళ్ళకు 88. ఇంత ఇంటిపని మధ్య దొరికే తీరిక ముక్కలుముక్కలుగానే ఉంటుంది. కుక్కర్ విజిల్‌కూ హోంవర్కుకూ నడుమ ఇరవై నిమిషాలుంటే ఫోన్ తప్ప ఏది సాధ్యం? ఆ ఇరవై నిమిషాలను నడకగా మార్చుకోవాలంటే గేటు దాటగానే వెలుతురున్న దారి ఉండాలి. అసలు తీరికే లేదు, వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి, 90 గంటలని 2025లో ఎల్ అండ్ టీ అధిపతి అన్న కాలంలో ఈ ఇష్టాల గొడవేమిటని కూడా అనొచ్చు. తీరిక తక్కువైనకొద్దీ దూరం ఖరీదు పెరుగుతుంది. రోజుకు అరగంటే మిగిలినవాళ్ళకు అరగంట దూరంలోని తోట లేనట్టే లెక్క.

మిగిలింది భూమి ధర వాదన. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ప్రభుత్వ వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. ఇలాంటి చోట పార్కుకు నేల వదిలేవాళ్ళెవరు అంటారు. అదే లెక్కన బొటానికల్ గార్డెన్ నేల విలువ 47 వేల కోట్లు దాటుతుంది. అది రిజర్వు ఫారెస్టు కాబట్టి బతికింది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన గొడవ చూశాక ఈ ప్రాంతంలో చెట్టున్న నేల ఎంత పలచటి దారం మీద వేలాడుతోందో వేరే చెప్పక్కర్లేదు. అయితే నేను కొత్త నేల అడగడం లేదు. ఉన్న తోటకు చేరే దారి అడుగుతున్నాను. అన్ని వేల కోట్ల ఆస్తి పక్కన పెట్టుకుని దాని చుట్టూ నిఖార్సైన ఫుట్‌పాత్ వేయలేకపోవడం పొదుపు అనిపించుకోదు. తోటను రాత్రి తెరవమని కూడా నేననను. అది అడవి, చీకటి పడ్డాక పక్షులకు వదిలేయడమే న్యాయం. ప్రహరీ బయటి దారికి ఆ నియమం వర్తించదు, అక్కడ దీపాలు పెట్టొచ్చు.

ఇష్టాల జాబితాలు రాయని కొండాపూర్ కూడా ఒకటుందని మరవకూడదు. ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి టవర్లు కట్టే కూలీలు, గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే వాచ్‌మన్లు, నాలుగిళ్ళలో వంటచేసే ఆడవాళ్ళు, ఆర్డర్ల మధ్య బైకు మీదే కూర్చుని ఫోన్ చూసుకునే డెలివరీ కుర్రాళ్ళు. వాళ్ళకు ఆదివారం సాయంత్రం మాల్‌కు పోయే హక్కు కాగితం మీద ఉంది, పోయాక ఏం చేయాలో మాత్రం తెలియదు. ఉచితంగా నిలబడగలిగే చోటు ఎవరికైనా మంచిదే, వీళ్ళకు అది తప్ప మరోటి లేదు.

చేయాల్సింది పెద్దగా లేదు, ఖర్చు కూడా ఫ్లైఓవర్‌లో పిసరంత. బొటానికల్ గార్డెన్ ప్రహరీ వెంట, కొత్తగూడ కూడలి నుంచి కొండాపూర్ దాకా తెగకుండా ఒకే ఫుట్‌పాత్, దాని మీద టిఫిన్ బండ్లకు గీత గీసి ఇచ్చిన చోటు. బండ్లుంటేనే జనముంటారు, జనముంటేనే భయముండదు. వసూలు చేస్తున్న సెస్సులోంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే ఒక రీడింగ్ రూమ్, టాయిలెట్‌తో సహా. ఆదివారం పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా కొత్తగూడ రోడ్డులో ఒక వైపు వాహనాలు ఆపి సైకిళ్ళకు, పిల్లలకు, నడిచేవాళ్ళకు వదలడం, అదీ ఒక వారం ముచ్చటగా కాకుండా ఆరు నెలలు వరసగా. ట్రాఫిక్ స్తంభిస్తుందని పోలీసులు అభ్యంతరం చెప్పొచ్చు. ఆ మూడు గంటల్లో ఈ కారిడార్లోని ఆఫీసుల్లో ఎక్కువ భాగం సెలవులోనే ఉంటాయి, పక్కన ఫ్లైఓవర్ ఎలాగూ ఉంది.